మాత్ర మానిపించిన ఆకు

ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో ఒక సహోదరిని దర్శించడానికి వెళ్లాను. ఆమెకు గుండెలో లోహపు వాల్వు వేశారు. దానిమీద రక్తం గడ్డకట్టకుండా దినమూ వార్ఫరిన్ మాత్ర మింగాలి, నెలనెలా నంద్యాలకు పోయి రక్తపరీక్ష చేయించుకోవాలి. నేను వెళ్లేసరికి ఆమె మామగారు అహోబిలం అడవి వైపు నుండి ఎవరో తెచ్చిచ్చిన ఆకును రోట్లో నూరుతున్నాడు.

"ఇది తాగితే మాత్రతో పనిలేదంట అయ్యగారూ. హిజ్కియా రాజు పుండుకు అంజూరపు ముద్ద కట్టలేదా?" అన్నాడు.

మాత్ర మానేసి అప్పటికే ఐదు దినాలట.

ఆకులో శక్తి లేదని నేను అనలేదు. ఆ మాత్ర కూడా గడ్డిలో నుండి వచ్చినదే. 1920వ దశకంలో అమెరికా, కెనడా దేశాల్లో బూజుపట్టిన క్లోవర్ గడ్డి మేసిన పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చచ్చేవి. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకాయన చచ్చిన పెయ్యను, పాలక్యాను నిండా గడ్డకట్టని రక్తాన్ని, ఆ ఎండుగడ్డిని బండిలో వేసుకుని మంచు తుఫానులో విశ్వవిద్యాలయానికి చేరాడు. అక్కడి కార్ల్ పాల్ లింక్ బృందం 1939లో గడ్డిలోని ఆ పదార్థాన్ని వేరుచేసింది. దాన్నిబట్టి తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అమ్ముడైంది, 1954లో మనుషులకు మందైంది. కొలతలోనే ఉంది తేడా అంతా.

మరి పసరును ఎలా కొలుస్తారు? 2006లో నాగపూర్ పరిశోధకులు ఒక సులువైన పద్ధతి ప్రకటించారు. చిన్న గొట్టాల్లో రక్తాన్ని 37 డిగ్రీల వేడిలో 45 నిమిషాలు ఉంచి, కట్టిన గడ్డను తూస్తారు. ఒకదానిలో పసరు, ఒకదానిలో స్ట్రెప్టోకైనేజ్ మందు, ఒకదానిలో ఉత్త నీళ్లు పోసి, 90 నిమిషాలకు మళ్లీ తూస్తారు. నీళ్లకే ఎంత కరిగిందో చూడకుండా పసరును మెచ్చుకుంటే మోసపోతాం. అయితే ఇది కట్టిన గడ్డ కరగడానికి చేసే పరీక్ష. గడ్డ కట్టకుండా ఆపుతుందా అన్నది వేరు. దానికి సిట్రేట్‌తో పలుచగా నిలిపిన రక్తరసంలో పసరు, ఆపైన కాల్షియం కలిపి, ఎన్ని సెకండ్లకు గడ్డకడుతుందో చూస్తారు. గొట్టంలో గెలిచిన పసరు కడుపులో, కాలేయంలో ఏమవుతుందో ఆ తర్వాతి సంగతి.

వెల్లుల్లి సారం రక్తకణికలను అతుక్కోనివ్వదని ప్రయోగాల్లో తేలింది. అది మాత్రకు తోడైతే రక్తస్రావం కావచ్చు. ఆకుకూరల్లోని విటమిన్ కె మాత్రను పనిచేయనివ్వదు. గోంగూర, తోటకూర మానక్కరలేదు గాని, ఒకవారం గంపెడు, ఒకవారం సున్న కాకూడదు. ఇక పేరు తెలియని ఆకు ఏ వైపు లాగుతుందో ఎవరు చెప్పాలి?

పెద్దాయన కోపంగానే రోలు పక్కకు జరిపాడు. మరునాడు ముగ్గురం నంద్యాల బస్సెక్కాం. ఆమెకు ఐ.ఎన్.ఆర్. 2.5 నుండి 3.5 మధ్య ఉండాలని డాక్టరు హద్దు పెట్టారు. ఆ దినం 1.4 వచ్చింది. వెంటనే ఆసుపత్రిలో చేర్చుకుని సూదిమందు మొదలుపెట్టారు.

పెద్దాయన కాగితంలో కట్టి తెచ్చిన ఆకును డాక్టరమ్మ విప్పి చూసి, "దీని పేరేంటి తాతా?" అని అడిగింది. ఆయన నా వైపు చూశాడు. నాకూ తెలియదు.