నా నడుములో ఒక అదనపు జాయింటు

మూడో సెమిస్టర్ నుంచి వర్క్‌షాప్‌లో గంట నిలబడితే చాలు, నడుము కుడివైపు కింద పట్టేసేది. హాస్టల్ మంచాన్ని, బైకుని, ల్యాప్‌టాప్‌ని వరసగా తిట్టుకున్నాను. ఎక్స్‌రే తీస్తే తేలిందేంటంటే, తేడా పుట్టుకతోనే ఉందట!

మామూలుగా నడుములో 5 వెన్నుపూసలుంటాయి. వాటి కింద మరో 5 పూసలు అతుక్కుపోయి త్రికాస్థి అవుతాయి. కొందరిలో నడుము చివరి పూస పక్కకొమ్ము వెడల్పుగా పెరిగి త్రికాస్థిని తాకుతుంది, లేదా దానితో కలిసిపోతుంది. ఇది సేక్రలైజేషన్. చాలామందికి దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. నొప్పి వస్తే మాత్రం బెర్టోలోట్టి సిండ్రోమ్ అంటారు. 1917లో దీన్ని వివరించిన ఇటలీ డాక్టర్ మారియో బెర్టోలోట్టి పేరే అది. 1984లో కాస్టెల్వి బృందం ఈ తేడాల్ని నాలుగు రకాలుగా విడదీసింది. నాది రెండోది: ఎముక అతుక్కోలేదు, ఒకవైపు జాయింటులాంటిది ఏర్పడింది.

మన భాషలో చెప్పాలంటే, ఒకవైపే బోల్టు బిగించిన బీమ్ అన్నమాట. అక్కడ కదలిక తగ్గుతుంది, ఆ లోడు పై డిస్కు మీదకీ, ఎదురువైపు జాయింటు మీదకీ పోతుంది. చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి.

ఊళ్ళో ఎవరో ఒక్క విరుపుతో సరిచేస్తారని విని అమ్మ తీసుకెళ్తానంది. ఫిజియో మేడమ్ వద్దన్నారు. "ఎముకని నేను మార్చలేను బాబూ, దాని చుట్టూ ఉన్నవాటినే మార్చగలను" అన్నారు.

ఆవిడ ఆ జాయింటుని బలవంతంగా కదపలేదు. నడుము పక్క కండరాల్ని, పిరుదు కండరాల్ని చేత్తో నెమ్మదిగా వదులు చేశారు. బిగిసిన తుంటిని, వీపు పైభాగాన్ని మెల్లగా కదిలించారు. అవి సరిగ్గా కదిలితే నడుము మీద భారం తగ్గుతుందని లెక్క. ఆ వదులు నిలబడాలంటే సైడ్ ప్లాంక్, బర్డ్ డాగ్ లాంటి వ్యాయామాలు రోజూ మనమే చేసుకోవాలి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ సమస్యకి మాన్యువల్ థెరపీ గురించి ఉన్న ఆధారాలు ఎక్కువగా ఒక్కో పేషెంటు కథలే, పెద్ద పరీక్షలు కావు. అందరికీ పనిచేస్తుందనలేం. తగ్గనివాళ్ళకి ఇంజెక్షన్లు, అరుదుగా సర్జరీ ఉన్నాయి. కాలు బలహీనపడినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా మసాజుల జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నా ఎక్స్‌రే ఇప్పుడు తీసినా అలాగే ఉంటుంది. నొప్పి పూర్తిగా పోలేదు కూడా. కానీ మొన్న మూడు గంటల ల్యాబ్ నిలబడే పూర్తి చేశాను.