హెరాల్డ్ ముందు చక్రం, ఓ రబ్బరు సీలు: అపోహలు – వాస్తవాలు

పాత స్టాండర్డ్ హెరాల్డ్ కొన్నవాళ్లకు మెకానిక్ షెడ్డులో త్వరలోనే ఎదురయ్యే ప్రశ్న: "ముందు చక్రాలకు గ్రీజు కొట్టిస్తున్నారా సార్?" అడిగే మనిషి ఉద్దేశం మంచిదే. కానీ ఈ బండిలో గ్రీజు కొట్టకూడని చోటు ఒకటుంది, చాలామంది గ్రీజు కొట్టేదీ సరిగ్గా అక్కడే.

ట్రయంఫ్ హెరాల్డ్ ఇంగ్లండులో 1959లో వచ్చింది. ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టి దానికి రూపం దిద్దాడు. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి దాన్ని స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో ఇక్కడ తయారుచేసింది. నాలుగు తలుపుల హెరాల్డ్ ఇండియాలో తప్ప మరెక్కడా రాలేదు. ఇరుకు సందులో కూడా గిర్రున తిరగడం ఈ బండికి పెద్ద పేరు తెచ్చింది. దాదాపు 25 అడుగుల వలయంలో, అంటే ఏడున్నర మీటర్లలో, వెనక్కి తిరిగేస్తుంది. అంతగా తిరిగే ముందు చక్రాన్ని మోసేది వర్టికల్ లింక్ అనే ఉక్కు కాడ. దాని పైకొన బాల్ జాయింటులో ఉంటుంది. కింది కొనకు మరలు ఉంటాయి. ఆ మరలు ట్రనియన్ అనే ఇత్తడి ముక్కలోకి బిగుస్తాయి. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఉక్కు మర ఇత్తడి మరలో కొద్దిగా తిరుగుతుంది. ట్రనియన్ పైఅంచున, కాడ చుట్టూ, ఓ రబ్బరు సీలు ఉంటుంది. ఈ వ్యాసమంతా ఆ సీలు గురించీ, దాని చుట్టూ అల్లుకున్న మాటల గురించీ.

అపోహ: గ్రీజు కొడితే చాలు, ఎంత ఎక్కువైతే అంత మంచిది.

వాస్తవం: తయారీదారు పుస్తకంలో ఉన్నది గ్రీజు కాదు, 90 గ్రేడు గేర్ ఆయిల్. పైనున్న బాల్ జాయింటుకు గ్రీజు, కింది ట్రనియన్‌కు నూనె. ఒకే చక్రానికి రెండు రకాల కందెనలు కావడంతో మెకానిక్కు తికమక సహజం. పైగా మన షెడ్లలో చేతులు పండింది అంబాసిడర్ మీద, ఫియట్ మీద. వాటి ముందు భాగంలో ఎక్కడ నిపుల్ కనిపిస్తే అక్కడ గ్రీజు గన్ను పెట్టడమే సరైన పని. ఆ అలవాటు హెరాల్డ్ దగ్గరికి వచ్చేసరికి బెడిసికొట్టింది.

నూనే ఎందుకంటే, ఇక్కడ రాసుకునేది నునుపైన పిన్ను కాదు, పొడవాటి మర. కందెన ఆ మర వెంట పైదాకా పాకాలి. గేర్ ఆయిల్ పాకుతుంది. మామూలు గ్రీజు పోసినచోటే ఉండిపోతుంది. కొన్నేళ్లకు దానిలోని నూనె ఇంకిపోయి, మిగిలిన పిప్పి గట్టిపడి దారులు మూసేస్తుంది. ఆ తర్వాత ఎంత గ్రీజు కొట్టినా లోపలికి పోదు. సీలు చిరిగి నీళ్లు దిగితే బయటికి వచ్చే దారీ ఉండదు. బయటినుంచి చూస్తే గ్రీజు దట్టంగా కనిపిస్తుంది, లోపల ఉక్కు మర తుప్పుపడుతూ ఉంటుంది.

పలచటి గ్రీజు వాడి ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా నడిపామనే వాళ్లు ఉన్నారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. వాళ్లలో చాలామంది బండిని తరచూ జాకీ మీదకు ఎత్తి చూసుకునే రకం. అలాంటి శ్రద్ధ ఉన్న చేతుల్లో ఏదైనా పనిచేస్తుంది. ఏడాదికోసారి షెడ్డుకు వెళ్లే బండికి మాత్రం నూనే మార్గం.

పుస్తకం చెప్పిన గడువు 6,000 మైళ్లు. ఇప్పుడు హెరాల్డ్ నడిపేవాళ్లు ఏడాదికి అంత తిరగరు కాబట్టి మైళ్లు లెక్కపెట్టడం మాని వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి నూనె పట్టిస్తే మేలు. చక్రాన్ని నేలనుంచి లేపి బరువు తీసేసి, ట్రనియన్‌కున్న ప్లగ్గు విప్పి, దాని చోట నిపుల్ పెట్టి, నూనె నింపిన గన్నుతో పై సీలు దగ్గర నూనె చెమ్మ కనిపించేదాకా కొట్టాలి. ఆపై నిపుల్ తీసి ప్లగ్గు తిరిగి బిగించాలి. గ్రీజుకు వాడే గన్నునే దీనికీ వాడొద్దు, వేరేది పెట్టుకోండి. అన్ని గేర్ ఆయిళ్లూ ఒకటి కావు. ఇత్తడికి జీఎల్-4 రకం భయం లేనిది, దొరికితే అదే కొనండి.

అపోహ: సీలు దగ్గర నూనె కనిపించిందంటే సీలు పోయినట్టే.

వాస్తవం: పైన చెప్పినట్టు, నూనె అక్కడికి వచ్చేదాకా కొట్టమని పుస్తకమే అంటుంది. కొత్తగా నూనె పట్టించాక నాలుగు రోజులు చెమ్మ ఉండటం ఆరోగ్యమే. పోయిన సీలు గుర్తులు వేరే. రబ్బరు పగుళ్లు తీసి ఉంటుంది, లేదా ఓ పక్కకు జారిపోయి ఉంటుంది. దాని కింద ఎర్రటి బురదలాంటిది కనిపిస్తుంది. ఆ ఎరుపు మట్టిది అనుకుని తుడిచేస్తారు. చాలాసార్లు అది ఉక్కు తుప్పు.

అపోహ: ఇత్తడి మెత్తన, అరిగేది అదే. ట్రనియన్ మారిస్తే పని అయిపోయినట్టు.

వాస్తవం: ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం. ఇత్తడి అరిగితే చక్రం ఊగుతుంది, చప్పుడు చేస్తుంది, చెప్పి మరీ పోతుంది. ఉక్కు కాడ అలా కాదు, ఒక్కసారిగా విరుగుతుంది. బరువు ఎటు లాగుతుందో చూడండి. చక్రం వర్టికల్ లింకును పైకి నెడుతుంది. స్ప్రింగు కింది ఆర్మును, దానితోపాటు ట్రనియన్‌ను, కిందికి నొక్కుతుంది. రెంటినీ విడిపోకుండా పట్టుకున్నవి ఆ మరలే. అక్కడ తుప్పు తిన్న గుంట ఒకటి ఉంటే చాలు, పగులు అక్కణ్నుంచే మొదలవుతుంది. సాధారణంగా విరిగేది ట్రనియన్ పైఅంచు దగ్గర, అంటే సీలు కూర్చునే చోటే.

అందుకే సీలు మార్చే పనిలో అసలు పని సీలు మార్చడం కాదు. కాడను ట్రనియన్‌లోంచి మరతిప్పి బయటికి తీయనిదే కొత్త సీలు ఎక్కదు. ఎలాగూ తీశారు కాబట్టి కిరోసిన్‌తో కడిగి, వైరు బ్రష్షు కొట్టి, పగటి వెలుతురులో మరలను చూడాలి. గుంటలు గానీ, అంచు పదునెక్కిన మరలు గానీ, మర ముగిసే చోట వెంట్రుకంత గీత గానీ ఉంటే ఆ కాడ పక్కన పెట్టేయాలి. కంటికి అనుమానంగా ఉంటే పగుళ్లు చూపించే రంగు ద్రావణం పరీక్ష చేయిస్తారు, పెద్ద ఖర్చేం కాదు. తుప్పు మర మీదకు కొత్త ఇత్తడి ఎక్కిస్తే ఆకురాయిలాగా దాన్ని తినేస్తుంది. డబ్బూ పోతుంది, ప్రమాదమూ మిగులుతుంది.

అపోహ: విరిగితే హైవే మీదే విరుగుతుంది. ఊళ్లో మెల్లగా తిప్పే బండికి భయం లేదు.

వాస్తవం: ఎక్కువగా విరిగేది మెల్లగా పోతున్నప్పుడే. బండి ఆగి ఉన్నప్పుడు, లేదా పార్కింగులో పెడుతూ స్టీరింగు చివరిదాకా తిప్పినప్పుడు, టైరు నేలను గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆ వంపు బలమంతా కాడ మీద పడుతుంది. చక్రం ఫెండరు కిందికి మడతపడి బండి కూలబడుతుంది. అంతమాత్రాన వేగంలో విరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అపోహ: ముందు కటకటమంటే షాక్ అబ్సార్బర్ పోయినట్టు.

వాస్తవం: పోయి ఉండొచ్చు. కొత్తది కొనేముందు జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కినప్పుడు ఊగడం ఆగిపోతే అది చక్రం బేరింగు వదులు. ఆగకపోతే ట్రనియన్‌నో, పై బాల్ జాయింటునో చూడాలి.

అపోహ: స్ప్రింగును నొక్కే పరికరం లేకుండా దీన్ని ముట్టుకోకూడదు.

వాస్తవం: హెరాల్డ్‌లో ముందు స్ప్రింగు, షాక్ అబ్సార్బర్ ఒకే జతగా ఉంటాయి. స్ప్రింగు ఎంతవరకు సాగాలో షాక్ అబ్సార్బరే ఆపుతుంది. రెంటినీ విడదీస్తేనే ఆ పరికరం కావాలి. సీలు కోసమైతే అక్కర్లేదు. బండి కింద గట్టి స్టాండు మాత్రం తప్పనిసరి, జాకీని నమ్మి కిందికి దూరొద్దు.

ఈ పనిలో అసలు చుక్కలు చూపించేది స్ప్రింగు కాదు, కింది ఆర్మును ట్రనియన్‌తో కలిపే బోల్టు. ట్రనియన్‌లో అడ్డంగా ఉన్న గొట్టంలో నైలాన్ బుష్‌లు, వాటి మధ్య ఉక్కు గొట్టం, రెండు కొసలా దుమ్ము సీళ్లు ఉంటాయి. ఆ పక్క సీళ్లను ఎవరూ పట్టించుకోరు. అవి పోయాక నీళ్లు దిగి బోల్టు ఉక్కు గొట్టంతో తుప్పుపట్టి ఏకమైపోతుంది. సుత్తితో బాదితే ఇత్తడి పగులుతుంది. చొచ్చుకుపోయే నూనె ముందురోజే పోసి ఉంచండి. అప్పటికీ రాకపోతే హాక్సాతో కోసేయడమే మర్యాద. కొత్త బోల్టు ఎలాగూ వేయాలి. పై సీలు మారుస్తూ పక్క సీళ్లు వదిలేయడం నాకైతే అర్థం కాదు, మొత్తం సెట్టు మార్చండి.

బిగించేటప్పుడు కాడను ట్రనియన్‌లో చివరిదాకా తిప్పి అక్కడే వదిలేయకూడదు. స్టీరింగు ఇటు చివరికీ అటు చివరికీ పట్టకుండా తిరిగేలా కొంచెం వెనక్కి తిప్పాలి. ఎడమ చక్రం ముక్కలూ కుడి చక్రం ముక్కలూ కలవవు, ఒకదాని మర కుడివైపు తిరిగితే రెండోదాని మర ఎడమవైపు. ఆర్ముల లోపలి కొసన రబ్బరు బుష్‌లను కూడా విప్పి ఉంటే, వాటి బోల్టులను బండి చక్రాల మీద నిలిచాకే ఆఖరి బిగింపు బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది.

అపోహ: ఏ రబ్బరు రింగైనా సరిపోతుంది, పాత స్టాకు దొరికితే ఇంకా గొప్ప.

వాస్తవం: ట్యూబు ముక్క కోసి తొడిగిన హెరాల్డ్‌లు ఉన్నాయి. మామూలు సహజ రబ్బరు ఖనిజ నూనెలో ఉబ్బి మెత్తబడుతుంది. నైట్రైల్ రబ్బరు తట్టుకుంటుంది, అడిగి అదే తీసుకోవాలి. చెన్నై పుదుపేటలో కవరు విప్పని పాత సీలు దొరికిందని సంబరపడేవాళ్లకు ఒక మాట: ఇత్తడి, ఉక్కు ముక్కలకు పాత స్టాకు నిజంగానే వరం. రబ్బరు మాత్రం కవర్లో ఉన్నా ముసలిదవుతుంది. గాలిలోని ఓజోనూ, మన ఎండాకాలపు వేడీ వాడని రబ్బరును కూడా పగలగొడతాయి. షెడ్డులో కదలకుండా ఉంచిన బండి సీళ్లకూ ఇదే గతి. వేళ్ల మధ్య మడిచి చూస్తే వంపులో సన్నటి పగుళ్లు కనిపించిన సీలును దుకాణంలోనే వదిలేయండి.

కొత్త సీళ్లు వేశాక వంద కిలోమీటర్లు తిప్పి, మళ్లీ చక్రం లేపి, మరోసారి నూనె కొట్టండి. మొదటిసారి లోపల చిక్కుకున్న గాలి పోయి, చాలా బండ్లలో ఇంకొంచెం నూనె పడుతుంది.