నిదానమునకు నిదానము



మన వాడుకలో నిదానమనగా మందగమనము. వైద్యశాస్త్రమున నిదానమనగా రోగకారణమును నిర్ణయించుట. నేటి ప్రసంగమున ఈ రెండర్థములును కలిసివచ్చును. కంప్యూటరు మందగించినప్పుడు కారణమును కనుగొనుట యెట్లో, కనుగొన్న పిదప చేయదగిన దేమో మనవి చేసెదను. ఇది పిల్లల యంత్రము, మనకేల యని యుపేక్షింపవలదు. పింఛనును, పొలము పత్రములును, మనుమల పరీక్షాఫలములును నేడు ఈ ద్వారముననే వచ్చుచున్నవి.

మా గ్రంథాలయమున నొక పాత కంప్యూటరు కలదు. ఒక నవంబరు నెల చివరివారమున, రైల్వేలో పనిచేసి గతించిన భర్త పింఛనుతో జీవించు నొక వృద్ధురాలు జీవన ప్రమాణ పత్రమును పంపుటకై వచ్చిరి. ఆ పత్రము సకాలమున చేరనిచో పింఛను నిలిచిపోవును. ఆమె వ్రేలిముద్ర వేయుటకు సిద్ధముగా నున్నను తెర కదలదు. కదలునప్పటికి గడువు మీరినదని వ్రాత వచ్చును. మూడుమారు లిట్లే జరిగెను. బస్తీలోని వ్యాపారి యొకడు "దీనిని పారవేసి క్రొత్తది కొనుడు" అనెను. రోగమేదో తెలియక రోగిని విడువరాదని నేను తలచితిని.

పూర్వపు కరణముగారి కచేరిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. లెక్క వ్రాయు కరణముగారే ప్రాసెసరు. ఆయన ముందరి వ్రాతబల్ల మెమరీ. లోపలిగదిలో కవిలెకట్టలు దాచిన భోషాణము డిస్కు. కావలసిన కట్టను తెచ్చి బల్లపై పరచిననే గాని వ్రాత సాగదు. బల్ల నిండినచో ఒక కట్టను లోపల పెట్టి మఱియొకటి తేవలయును. కట్టలు మితిమీరినచో ఆయన కాలమంతయు నడకకే చెల్లిపోవును. కంప్యూటరునందును ఇట్లే జరుగును. మెమరీ చాలనప్పుడు అందలి విషయము డిస్కునకును, డిస్కునందలిది మెమరీకిని తిరుగుచునే యుండును. ఈ వ్యాధి స్వరూపమును 1968లో పీటర్ డెన్నింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు విశదీకరించెను.

ఇక నాడీపరీక్ష. విండోస్ గల యంత్రమున కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కమారుగా నొక్కినచో టాస్క్ మేనేజర్ అను పట్టిక కనబడును. అందు సీపీయూ అనగా ప్రాసెసరు, మెమరీ, డిస్కు నూటికి ఎన్ని పాళ్లు పనిలో నున్నవో వ్రాసియుండును. ఒక్కొక్క శీర్షికపై నొక్కినచో, దానిని అధికముగా వాడుకొను కార్యక్రమము పైవరుసకు వచ్చును.

నూరు కనబడగానే బెదరరాదు. పని యారంభించినప్పుడు ప్రాసెసరు క్షణకాలము నూటికి చేరుట సహజము. మనమేమియు చేయకున్నను పలు నిమిషము లక్కడనే నిలిచినచో అది రోగము. సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ అను పేరు ప్రక్క తొంబదియైదు కనబడినచో, ప్రాసెసరు అంత ఖాళీగా నున్నదని యర్థము, దానిని నిందింపరాదు. మెమరీ సగము నిండుటయు దోషము కాదు.

మా యంత్రమున మెమరీ 94, డిస్కు 100. ప్రాసెసరు తొంబదికి దిగదు. మూడు కారణములు తేలెను. వేర్వేరు కాలముల వేర్వేరు వ్యాపారులు పెట్టిన రెండు వైరస్ నివారిణు లుండెను. తెరచిన ప్రతి కట్టను రెండును తనిఖీ చేయుచుండెను. ఒక వాకిటికి ఇద్దరు కావలివారుండి, వచ్చినవాని మూటను ఇద్దరును విప్పి చూచినట్లున్నది. రెండవది, ఎవరును పిలువకయే యంత్రముతోపాటు మేల్కొను కార్యక్రమములు పండ్రెండు. మూడవది, నెలల తరబడి యంత్రమును తెరువనందున నిలిచిపోయిన సవరణ లన్నియు ఒక్కమారుగా దిగుచుండెను.

ఒక నివారిణిని తొలగించితిమి. స్టార్టప్ అను భాగమున, అక్కరలేని కార్యక్రమములను నిలిపితిమి. సవరణలు ముగియువరకు రాత్రియంతయు యంత్రమును కదల్పక విడిచితిమి. ఉదయమున రీస్టార్ట్ చేసితిమి. పలు యంత్రములలో షట్‌డౌన్ చేసినను పాత స్థితిలో కొంత మిగిలియుండును. రీస్టార్ట్ చేసిననే బల్ల పూర్తిగా తుడిచినట్లగును. ఆనాడే పది నిమిషములలో ఆమె పత్రము చేరెను. నెల ముగియుటకు అప్పటికి రెండు దినములే యుండెను.

కారణములు ఇంకను కలవు. బ్రౌజరునందు ముప్పది పుటలు తెరచి మరచుట యొకటి. కొన్ని కార్యక్రమములు తీసికొన్న మెమరీని తిరిగి యీయక గంటగంటకు పెరుగును; వానిని మూసి మరల తెరువవలయును. లోపల దుమ్ము పేరుకొని వేడి హెచ్చినచో, ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. ఎఱుగని పేరుగల కార్యక్రమము నిరంతరము ప్రాసెసరును మ్రింగుచున్నచో, మీ యంత్రముతో పరులకు డిజిటల్ నాణెములు సంపాదించిపెట్టు దొంగ కావచ్చును. వెంటనే వైరస్ తనిఖీ చేయింపుడు. ఇవన్నియు చూచినను తీరనిచో మెమరీని పెంచుటయో, తిరుగు డిస్కునకు మారుగా ఎస్సెస్డీ పెట్టించుటయో మేలు.

చివరగా నొక హెచ్చరిక. "మీ కంప్యూటరు చెడినది, మేము బాగుచేసెదము" అని ఎవరేని తామై ఫోను చేసినచో నమ్మవలదు. వారు చెప్పినది యంత్రమున పెట్టినచో మీ బ్యాంకు సొమ్మునకే ముప్పు. నిజమైన వైద్యుడు పిలువని యింటికి రాడు. ముందు పట్టికను చూడుడు, కారణమును తెలిసికొనుడు. పిదపనే సొమ్ము వెచ్చింపుడు.

సెలవు.