లెగియన్ వీధి ఆడవాళ్లు

బాలీ అనగానే ఇప్పుడు అందరికీ హనీమూన్ ఫొటోలే గుర్తొస్తాయి. నాకు మాత్రం కూటా బీచ్ దగ్గరి లెగియన్ వీధి గుర్తొస్తుంది. మావారికి అక్కడ రెడీమేడ్ బట్టల ఎగుమతి కంపెనీలో ఉద్యోగం. 1993 నుంచి 99 దాకా ఆ వీధి వెనక సందులోనే మా కాపురం. "బార్ల పక్కన ఇల్లేమిటే!" అని అమ్మ ఉత్తరాల్లో ఒకటే గోల.

నిజమే, ఎటు చూసినా బార్లే. సర్ఫింగ్‌కని వచ్చిన ఆస్ట్రేలియా కుర్రాళ్లు, బింటాంగ్ బీరు సీసాలు, తెల్లవార్లూ పాటలు. వాళ్లు పదిరోజులుండి పోయేవాళ్లు. అక్కడే ఉండిపోయిన తెల్లవాళ్ల సంగతి వేరు. బట్టలో, వెండి నగలో కుట్టించి, చేయించి తమ దేశాలకు పంపేవాళ్లు. వీసా రెండు నెలలే కదా, గడువు ముగిసేలోగా సింగపూర్ వెళ్లి, మర్నాడే తిరిగొచ్చేవాళ్లు. సాయంత్రం అదే బార్లో అదే స్టూలు మీద కూచుని, పాత పేపరు చదువుతూ కనిపించేవాళ్లు. మన ఊళ్లో రచ్చబండ మీది పెద్దమనుషుల్లాగే!

కానీ ఆ వీధిని నడిపింది ఆడవాళ్లే. రాత్రి సీసాలు ఏరి ఊడ్చిన చేతులే, తెల్లారేసరికి అదే బారు గుమ్మంలో కొబ్బరాకు దొన్నె పెట్టేవి. దాన్ని 'చనాంగ్' అంటారు. అందులో పూలు, నాలుగు మెతుకులు, మీద అగరొత్తి. ఒక్కోసారి బిస్కెట్టో, సిగరెట్టో కూడా! ఇసుకలో మసాజ్ చేసే అమ్మలు నంబర్లు రాసిన టోపీలు పెట్టుకునేవాళ్లు. పేరుకంటే నంబరే నయం. అక్కడ మొదటి బిడ్డ పేరు సాధారణంగా వయాన్. వీధిలో 'వయాన్' అని పిలిస్తే పదిమంది తిరిగి చూస్తారు మరి.

నాకు కంటగింపుగా ఉండేది ఒక్కటే. సారీ క్లబ్బులోకి స్థానికుల్ని కస్టమర్లుగా రానిచ్చేవారు కాదు. పనికి మాత్రం పనికొచ్చేవాళ్లు.

1997 మధ్యలో డాలరుకు 2,400 చిల్లర ఉన్న రూపయా, 98 జనవరికల్లా 10,000 దాటింది. డాలర్లున్నవాళ్లు రాజాలైపోయారు. మా వయాన్‌కి పాలడబ్బా కొనడమే గగనమైంది. అందరూ ఒక్కలా ఉండరు లెండి. మా పక్కింటి ఆస్ట్రేలియావిడ బియ్యం బస్తాలు దింపించి సందంతా పంచింది.

మేం విశాఖ వచ్చేశాక, 2002 అక్టోబరు 12 రాత్రి అక్కడ బాంబులు పేలాయి. మొదట ప్యాడీస్ బార్లో, క్షణాల్లో ఎదురుగా సారీ క్లబ్బు ముందు వ్యాన్లో. గడ్డి కప్పులు భగ్గుమన్నాయి. 202 మంది పోయారు. అందులో 88 మంది ఆస్ట్రేలియావాళ్లు, 38 మంది ఇండోనేషియావాళ్లు. క్లబ్బులోకి అడుగుపెట్టనివ్వని స్థానికులు కూడా, పనిచేస్తూనో, బయట టాక్సీలో ఎదురుచూస్తూనో బలైపోయారు. నేను విసుక్కున్న ఆ బార్ల తెల్లవాళ్లే సంగ్లా ఆసుపత్రికి పరుగెత్తారు. కాలిన గాయాలవాళ్ల పక్కన కూచుని, డాక్టర్లకు మాటలు తర్జుమా చేశారు. ఆ తర్వాత టూరిస్టులు లేక, చాలామంది దుకాణాలు మూసుకుని సొంత దేశాలకు వెళ్లిపోయారు. బాలీ ఆడవాళ్లు ఎక్కడికి పోతారు?

2004 చివర్లో మళ్లీ వెళ్లాం. పోయినవాళ్ల పేర్లు చెక్కిన స్మారకం అప్పుడే కొత్తగా కట్టారు. దాని మెట్ల మీదా చనాంగులే. నా వయాన్ బీచ్‌లోనే కనిపించింది, అదే టోపీతో. "బేరాల్లేవు, ఇబూ" అంది. అక్కడ 'ఇబూ' అంటే అమ్మా అని.

భర్తల్ని పోగొట్టుకున్నవాళ్లు కొందరు కలిసి కుట్టుపని మొదలెట్టారని తనే చెప్పింది. వాళ్లు కుట్టిన చొక్కాలు తెప్పిస్తే, మావారు అలవాటు కొద్దీ తిరగేసి లోపలి కుట్లు చూశారు. "ఎక్స్‌పోర్టు సరుకే" అన్నారు. రెండు తీసుకున్నాం. నేను బేరమాడబోతుంటే చెయ్యి గిల్లారు.