ఎస్.కోట నుంచి డాలస్ దాకా: ఏ ఫ్లైట్ ఎక్కాలి?

అమెరికా టికెట్ కొనాల్సిన ప్రతి ఇంట్లోనూ మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఏ ఎయిర్‌లైన్ బాగుంటుంది?" సీనియర్ల వాట్సాప్ గ్రూపులో అడిగి చూడండి. ఒకరు ఎమిరేట్స్ అంటారు, ఇంకొకరు ఖతార్ అంటారు, మూడో మనిషి "ఎయిర్ ఇండియా అయితే మన భోజనం దొరుకుద్ది" అంటాడు. ఎవరి అనుభవం వాళ్ళది, ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. కానీ ఆ సమాధానాలన్నీ హైదరాబాద్ నుంచి మొదలవుతాయి. మన ప్రయాణం ఎస్.కోట నుంచి మొదలవుతుంది. ఇక్కడి నుంచి విశాఖ, అక్కడి నుంచి హైదరాబాదో ఢిల్లీయో, తర్వాత గల్ఫో యూరపో, ఆ తర్వాత అమెరికా. ఇంత పొడుగు ప్రయాణంలో అసలు ఇబ్బంది సీట్లో కూర్చున్నప్పుడు కన్నా మారేచోట ఎక్కువ వస్తుంది. అందుకే ముందు ఎక్కడెక్కడ మారాలో, మారేచోట తేడా వస్తే ఎవరి బాధ్యతో తేల్చుకోవాలి. ఎయిర్‌లైన్ పేరు ఆ తర్వాత.

మా ఇంటి కేసే ఉదాహరణగా తీసుకుంటాను. డాలస్‌లో ఉన్న మా అక్కకి డెలివరీ. పెద్దమ్మ, పెదనాన్న వెళ్ళాలి. పెదనాన్నకి అరవై ఆరేళ్ళు, బీపీ ఉంది, ఎక్కువసేపు కూర్చుంటే కాళ్ళు వాస్తాయి. పెద్దమ్మకి తెలుగు తప్ప ఇంకో భాష రాదు. ఇద్దరికీ ఇదే మొదటి విమానం. అక్క ఫోన్ చేసి "నువ్వు కంప్యూటర్ సైన్సే కదరా, చూసి మంచి టికెట్ చెప్పు" అంది. కంప్యూటర్ సైన్స్‌కీ విమానం టికెట్‌కీ ఏం సంబంధమో అక్కకే తెలియాలి. సరే, చూశాను. చూసినవన్నీ వరసగా చెప్తాను, రేపు మీలో ఎవరికైనా పనికొస్తాయి.

నేరుగా ఎందుకు వెళ్ళలేం?

గ్లోబు మీద హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. డాలస్ 97 డిగ్రీల పడమర. కలిపితే 175. అంటే దాదాపు భూమికి అటు పక్క. ఈ రెండింటి మధ్య దారం బిగించి లాగితే అది అట్లాంటిక్ మీదుగా పోదు, ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. పొడవు సుమారు 14,400 కి.మీ.

ఇంత దూరం ఆగకుండా ఎగిరే విమానాలు లేక కాదు. 2021 జనవరి 9న శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఎయిర్ ఇండియా మొదటి నాన్‌స్టాప్ బయల్దేరింది. ధ్రువం మీదుగా సుమారు 17 గంటలు. కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో పాటు వెళ్ళిన పైలట్లలో పాపగారి తన్మయి ఒకరు. అదే నెల 15న హైదరాబాద్ నుంచి షికాగోకి కూడా నాన్‌స్టాప్ మొదలైంది. తెలుగువాళ్ళం సంబరపడ్డాం గానీ అది నిలబడలేదు, తర్వాత ఆపేశారు.

కారణం ఇంధనం. అరకు ఘాట్ ఎక్కే లారీ దారిలో ఎక్కడా బంకు లేదని వారానికి సరిపడా డీజిల్ వెనకాల డ్రమ్ముల్లో వేసుకుని ఎక్కిందనుకోండి. ఆ డ్రమ్ముల బరువు మొయ్యడానికే సగం డీజిల్ అయిపోతుంది. పొడుగు ఫ్లైట్‌లో జరిగేది ఇదే. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,000 కి.మీ. పైన ఎగిరే సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 2013లో ఆగిపోయి, తక్కువ ఇంధనం తాగే కొత్త విమానం వచ్చాక 2018లో మళ్ళీ మొదలైంది. ఆ ఏ350 విమానంలో 161 సీట్లే ఉంటాయి, ఎకానమీ క్లాసు అసలు లేదు. కాబట్టి మనలాంటి వాళ్ళకి మధ్యలో దిగి మారడమే దారి.

మొత్తం ఒకటే, ముక్కలు వేరు

నాకు బాగా ఆసక్తిగా అనిపించిన లెక్క ఇది. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,600 కి.మీ., దుబాయ్ నుంచి డాలస్ 12,900. మొత్తం 15,500. అదే లండన్ మీదుగా అయితే హైదరాబాద్–లండన్ 7,700, లండన్–డాలస్ 7,600. మొత్తం 15,300. రెండు దార్లూ దాదాపు సమానం. కానీ దుబాయ్ దారిలో ముందు నాలుగు గంటలు, తర్వాత ఏకంగా పదహారు గంటలు. దోహా మీదుగా అయినా ఇంతే. లండన్ దారిలో పది, పది.

మనకైతే పదహారు గంటలు ఒకే దఫా నయం. నాలుగు సినిమాలు, ఒక నిద్ర. కాళ్ళు వాచే పెదనాన్నకి పదేసి గంటలు నయం, మధ్యలో లేచి నడవొచ్చు, కాళ్ళు చాపుకోవచ్చు. నాలుగు గంటలకి మించి కదలకుండా చేసే ప్రయాణాల్లో కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే రిస్కు సుమారు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. భయపడక్కర్లేదు, అలా జరిగేది 6,000 మందిలో ఒకరికే. కానీ వయసు, బరువు, పాత జబ్బులు ఉంటే ముందు డాక్టర్‌ని అడగాలి. గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యాలి, నీళ్ళు తాగాలి. బీపీ మాత్రలు చెక్-ఇన్ బ్యాగులో కాదు, చేతి సంచిలో ఉండాలి.

ఒక టికెట్టా, రెండు టికెట్లా?

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. విశాఖ నుంచి డాలస్ దాకా ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే, విశాఖ ఫ్లైట్ లేటయి హైదరాబాద్‌లో తర్వాతది తప్పిపోయినా, ఇంకో ఫ్లైట్‌లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. అదే విశాఖ–హైదరాబాద్ ఒక యాప్‌లో, హైదరాబాద్–డాలస్ ఇంకో యాప్‌లో కొన్నారనుకోండి. మొదటి వాళ్ళు "మిమ్మల్ని హైదరాబాద్‌లో దించాం" అంటారు. రెండో వాళ్ళు "మీరు రాలేదు" అంటారు. ఇద్దరూ రూల్ ప్రకారం కరెక్టే. రానివాళ్ళ కింద రాసేస్తే అదే టికెట్ మీదున్న రిటర్న్ కూడా రద్దయిపోవచ్చు. తెలుగు తప్ప ఏమీ రాని పెద్దమ్మ శంషాబాద్ కౌంటర్ ముందు నిలబడి ఈ మాటలు వింటున్నట్టు ఊహించుకోండి. రెండు టికెట్లలో మిగిలే మూడు నాలుగు వేలకి ఆ రిస్కు తగినది కాదు.

లగేజీ లెక్క కూడా ఉంది. అమెరికా టికెట్లలో చాలావాటికి మనిషికి 23 కిలోల బ్యాగులు రెండు. విడిగా కొన్న దేశీయ టికెట్‌కి మామూలుగా 15 కిలోలే. 46 కిలోల ఆవకాయ, చీరలు, బాలింత పథ్యం పొడులు 15 కిలోల్లో ఎలా పడతాయి? మిగతాదానికి కిలోకింత అని కట్టాలి. పైగా శంషాబాద్‌లో బ్యాగులు తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చెయ్యాలి. ఒకే టికెట్ అయితే అంతర్జాతీయ లెక్కే విశాఖ నుంచీ నడుస్తుంది, సాధారణంగా అక్కడే అమెరికా దాకా ట్యాగ్ వేసేస్తారు.

ఒకే టికెట్ దొరక్కపోతే? అప్పుడు విమానం కన్నా రైలు నయం. సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. అయితే ఫ్లైట్ ఉన్న రోజు పొద్దున్న దిగేలా కాకుండా, ఒక రోజు ముందు చేరేలా చూసుకోవాలి. ఆ రోజు చుట్టాలింట్లో పడుకుంటారు, రైలు ఐదు గంటలు లేటయినా గుండె ఆగదు. రేపు భోగాపురం నుంచి అంతర్జాతీయ ఫ్లైట్లు పెరిగితే ఈ లెక్క మారొచ్చు. ఇప్పటికి ఇదీ.

దిగేచోటి రూల్స్

దుబాయ్, దోహా, అబుదాబిలో ఎయిర్‌పోర్టు బయటికి వెళ్ళకుండా ఫ్లైట్ మారడానికి మనకి వీసా అక్కర్లేదు. యూరప్ ఎయిర్‌పోర్టుల్లో ఒక్కో దేశానికి ఒక్కో రూల్, అవి మారుతుంటాయి కూడా. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్ళకి లండన్ లాంటి చోట్ల మినహాయింపు ఉంది, కాబట్టి పెద్దమ్మ వాళ్ళకి సమస్య లేదు. జాగ్రత్త పడాల్సింది మన సీనియర్లు. ఎఫ్-1 మీద వెళ్ళి, చదువు నడుస్తుండగానే వీసా స్టాంపు గడువు అయిపోయినవాళ్ళు చాలామంది ఉంటారు. అమెరికాలో ఉండటానికి ఇబ్బంది లేదు గానీ, ఇంటికి వచ్చేటప్పుడు ఆ మినహాయింపు వర్తించకపోవచ్చు. కొనే ముందే ఆ దేశం వెబ్‌సైట్ చూడాలి.

ఇంకోటి. అమెరికాలో మొదట ఏ ఊళ్ళో దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్. సాధారణంగా బ్యాగులు కూడా అక్కడే తీసుకుని మళ్ళీ ఇవ్వాలి. న్యూయార్క్‌లో దిగి డాలస్‌కి ఇంకో ఫ్లైట్ అంటే ఈ తతంగం అంతా ఒంటరిగా, నిద్రలేని కళ్ళతో. అందుకే చివరి ఫ్లైట్ నేరుగా డాలస్‌లో దిగేదే చూశాను. అబుదాబిలో మాత్రం వేరే సౌకర్యం ఉంది: 2014 నుంచి అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లా దిగిపోవచ్చు.

ఆకాశంలో దార్లు కూడా మూసుకుపోతుంటాయి. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకి తన గగనతలం మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే ఎయిర్ ఇండియా ఫ్లైట్లు చుట్టు తిరగాల్సి వచ్చింది, కొన్ని వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో ఇంధనం కోసం ఆగాయి. అదే ఏడాది జూన్ 23న ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూసేస్తే దోహా వెళ్ళే విమానాలు దారి మళ్ళాయి. తప్పు ఎయిర్‌లైన్‌ది కాదు. కానీ అలాంటప్పుడే ఒకే టికెట్ విలువ తెలుస్తుంది.

లేటయితే పరిహారం విషయంలో తేడా ఉంది. యూరోపియన్ యూనియన్ ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరే ఏ ఎయిర్‌లైన్‌కైనా, అక్కడికి వచ్చే యూరప్ ఎయిర్‌లైన్‌కైనా ఒక చట్టం ఉంది: వాళ్ళ తప్పు వల్ల బాగా లేటయితే, పొడుగు ప్రయాణాలకి మనిషికి 600 యూరోల దాకా ఇవ్వాలి. బ్రిటన్‌లోనూ ఇలాంటిదే, 520 పౌండ్ల దాకా. హైదరాబాద్–దుబాయ్–డాలస్ ఎమిరేట్స్ టికెట్‌కి ఇవి వర్తించవు. బ్యాగు పోతే మాత్రం ఏ దారైనా మాంట్రియల్ ఒప్పందం ఉంది. 2024 డిసెంబర్ 28 నుంచి పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు, మన డబ్బుల్లో లక్షన్నర దాటుతుంది.

విమానం పేరు కూడా చూడండి

బుకింగ్ పేజీలో చిన్న అక్షరాల్లో 777, 787, ఏ350 అని ఉంటుంది. ఎయిర్‌లైన్ కన్నా ఒంటికి తెలిసేది ఇదే. పాత తరం విమానాల లోపల గాలి ఒత్తిడి సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. అంటే ఊటీ కన్నా పైన. 787, ఏ350లో అది సుమారు 1,800 మీటర్లు, గాలిలో తేమ కూడా ఎక్కువ. మన అరకు 900 మీటర్లే, పోల్చుకోండి. పదేసి గంటలు కూర్చునే పెద్దవాళ్ళకి ఈ తేడా తెలుస్తుంది. సీట్లూ అంతే. ఇప్పుడు చాలా 777లలో వరసకి పది సీట్లు, 787, ఏ350లలో సాధారణంగా తొమ్మిది.

భోజనం దగ్గర మనవాళ్ళు తరచూ పొరబడే విషయం ఒకటుంది. "హిందూ మీల్" అంటే శాకాహారం కాదు. బీఫ్ ఉండదు, చికెనో మటనో ఉండొచ్చు. శాకాహారులు "ఏషియన్ వెజిటేరియన్" ఎంచుకోవాలి, అదీ కనీసం ఒక రోజు ముందు. వీల్‌చైర్ ఉచితం, 48 గంటల ముందు చెప్పాలి. నడవగలిగినా భాష రాని పెద్దవాళ్ళకి అడగడంలో తప్పు లేదు, ఒక మనిషి గేటు దాకా తీసుకెళ్తాడు.

అన్నీ కలిపి చూశాక మేం యూరప్ దారే ఎంచుకున్నాం. ధర కొంచెం ఎక్కువే, అక్క ఒప్పుకుంది. హైదరాబాద్‌కి ఒక రోజు ముందు రైలు, ఇద్దరికీ వీల్‌చైర్, పెద్దమ్మ చేతిలో ఒక కాగితం: ఒక పక్క తెలుగులో, ఇంకో పక్క ఇంగ్లిష్‌లో పేరు, ఫ్లైట్ నంబర్లు, మాత్రల పేర్లు, అక్క ఫోన్ నంబర్. వాళ్ళ స్థానంలో ఒక్కడినే నేనుంటే గల్ఫ్ దారి తీసుకునేవాణ్ణి, అదీ కరెక్టే.

కాబట్టి సెర్చ్ చేసేటప్పుడు ఈ వరస పాటించండి. వెళ్ళేది ఎవరు, వాళ్ళకి ఏది కష్టం? ఎక్కడ మారాలి, ఎన్ని గంటల చొప్పున? అంతా ఒకే టికెట్టా? మారేచోట వీసా కావాలా? ఏ విమానం? ఈ ఐదింటికీ జవాబు దొరికాక ఇంకా రెండు మూడు టికెట్లు మిగులుతాయి. వాటిలో తక్కువ ధర ఉన్నది కొనెయ్యండి. దాని మీద ఏ ఎయిర్‌లైన్ పేరున్నా పర్వాలేదు.