మిశ్రమం లెక్క: ముందు చదవాలి, తర్వాత కట్టాలి



"తెలుగు చెప్పేవారికి లెక్కలతో ఏం పని?" అని మీరు అడగవచ్చు. బదిలీల మీద ఎన్నో ఊళ్లు తిరిగాం. మిశ్రమం లెక్క దగ్గర ఆగిపోయే పిల్లలు ప్రతి బడిలోనూ కనిపించారు. వారిలో చాలామందికి కూడికలు, హెచ్చవేతలు వచ్చు. తడబడేది వాక్యం చదవడంలోనే.

మన సచిన్‌లో అద్దకం మిల్లులున్నాయి. తెలంగాణ నుంచి సూరత్‌కు వచ్చిన నేత కుటుంబాలూ ఎన్నో. కాబట్టి రంగు లెక్కే తీసుకుందాం.

30 శాతం రంగున్న ద్రావణాన్ని, 10 శాతం రంగున్న ద్రావణంతో కలిపి, 15 శాతం రంగుండే 40 కిలోల ద్రావణం చేయాలి. ఏది ఎంత కావాలి?

"చెరిసగం" అని తొందరపడితే 20 శాతం వస్తుంది. రంగు ముదిరిపోతుంది, బట్ట పాడవుతుంది. అందుకే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: కలిపినప్పుడు ఏది మారదు? శాతం మారుతుంది. లోపలున్న రంగు బరువు మారదు. సమీకరణమంతా ఈ ఒక్క మాట మీదే నిలుస్తుంది.

30 శాతం ద్రావణం 'క' కిలోలు అనుకుందాం. మొత్తం 40 కాబట్టి రెండోది (40 – క) కిలోలు. చివరికి కావలసిన రంగు 40లో 15 శాతం, అంటే 6 కిలోలు.

0.30 × క + 0.10 × (40 – క) = 6
0.20 × క + 4 = 6
క = 10

మొదటిది 10 కిలోలు, రెండోది 30 కిలోలు. సరిచూద్దాం: 10 కిలోల్లో 3 కిలోల రంగు, 30 కిలోల్లో మరో 3. మొత్తం 6. సరిపోయింది.

ఈ లెక్కలు మన భాషకు కొత్తవి కావు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహంలో 'మిశ్రక వ్యవహారం' అని ఒక అధ్యాయమే ఉంది. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే మన పూర్వులు లెక్కను కూడా పద్యంలా చదివి, అర్థం చెప్పుకుని, ఆ తర్వాతే చేశారన్నమాట.

ఇప్పుడు మీ వంతు. 15 శాతం రంగున్న 20 కిలోల ద్రావణాన్ని 10 శాతానికి పలచన చేయాలంటే ఎన్ని కిలోల నీళ్లు పోయాలి? నీళ్లలో రంగు సున్నా అని గుర్తుంచుకోండి. 10 అని వస్తే, మీరు లెక్కను సరిగ్గా చదివినట్టే.