ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ వెబ్‌సైట్ ఎలా ఉండాలి? చిన్న ఫోన్లో తెరిస్తే తెలిసే 5 విషయాలు

ఇక్కడ నేను ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్‌బ్యాంక్‌ల గురించే రాస్తుంటాను కదా. ఈసారి కొంచెం వేరే టాపిక్. ఒక ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌కి మంచి వెబ్‌సైట్ అంటే ఏంటి, అది ఎలా డిజైన్ చేయాలి అన్నది చూద్దాం. గ్యాడ్జెట్ సైట్లో ఇది ఎందుకంటారా? ఈ ప్రశ్న పుట్టింది ఒక బడ్జెట్ ఫోన్ వల్లే!

పోయిన సెలవులకి కొలిమిగుండ్ల వెళ్ళినప్పుడు మా పిన్ని కొడుకు నా పక్కన చేరాడు. డిగ్రీ ఫస్టియర్. "అన్నా, ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలంటే ల్యాప్‌టాప్ ఉండాల్సిందేనా?" అని అడిగాడు. వాడి దగ్గరున్నది 3 జీబీ ర్యామ్ ఫోన్. మా చిన్నాయన నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు, ఇప్పటికిప్పుడు ల్యాప్‌టాప్ కొనే పరిస్థితి లేదు. వాడు అప్పటికే ఒక లాంగ్వేజ్ సైట్ తెరిచి చూశాడట. పేరు చెప్పను. ముందు పెద్ద వీడియో, తర్వాత కంపెనీల లోగోలు, చివర్లో డౌన్‌లోడ్ బటన్. నొక్కితే విండోస్ ఫైల్ దిగింది. ఫోన్లో అది తెరుచుకోదు, డేటా మాత్రం అయిపోయింది. "ఇది మనకి కాదులే అన్నా" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. తప్పు లాంగ్వేజ్‌ది కాదు, వాడిదీ కాదు. సైట్‌ది.

మా మండలంలోనే ఉన్న బెలూం గుహలు చూసినవాళ్ళకి ఇది ఈజీగా అర్థమవుతుంది. 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. టూరిస్టులకి తెరిచింది మాత్రం 2002లో. ఆ మధ్యలో గుహ ఏమీ మారలేదు. దిగడానికి మెట్లు, లోపల లైట్లు, నడవడానికి దారి వచ్చాయి, అంతే. లాంగ్వేజ్ గుహ అయితే వెబ్‌సైట్ ఆ మెట్లూ లైట్లూ అన్నమాట.

1. మొదటి స్క్రీన్‌లోనే సంగతి తెలియాలి

స్క్రోల్ చేయకముందే రెండు ప్రశ్నలకి జవాబు దొరకాలి. ఈ లాంగ్వేజ్ దేనికి పనికొస్తుంది? కోడ్ చూడ్డానికి ఎలా ఉంటుంది? రస్ట్ సైట్ మొదటి ప్రశ్నకి చక్కగా జవాబిస్తుంది. వేగం, నమ్మకం, పని తొందరగా అవడం అని మూడు కారణాలు పెద్దక్షరాల్లో చెబుతుంది. కానీ ముందు పేజీలో కోడ్ కనపడదు. నా దృష్టిలో ఇది లోటే. కెమెరా శాంపిల్ ఒక్కటి కూడా లేని ఫోన్ రివ్యూ చదివినట్టుంటుంది. నాలుగైదు లైన్ల కోడ్ పెడితే చాలు, చదివేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఒక అంచనాకి వస్తారు.

2. ఇన్‌స్టాల్ చేయకుండానే రన్ అవ్వాలి

గో లాంగ్వేజ్ సైట్లో ప్లేగ్రౌండ్ అని ఒకటి ఉంది. మనం రాసిన కోడ్ వాళ్ళ సర్వర్‌కి వెళ్తుంది, అక్కడే కంపైల్ అయి రన్ అవుతుంది, రిజల్ట్ మాత్రం మన స్క్రీన్ మీదకి వస్తుంది. అందుకే పాత ఫోన్ అయినా పర్వాలేదు. రెండో పద్ధతి వెబ్‌అసెంబ్లీ. ఇందులో లాంగ్వేజ్‌నే బ్రౌజర్‌లోకి దించుకుంటాం. పైథాన్‌కి పయోడైడ్ ఇలా పని చేస్తుంది. మొదట లోడ్ అవడానికి టైమ్, డేటా పడతాయి కానీ ఆ తర్వాత ప్రతి రన్‌కీ సర్వర్‌తో పని లేదు. సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్ళని దృష్టిలో పెట్టుకుని డిజైనర్ ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి.

3. డౌన్‌లోడ్ బటన్‌కి తెలివి ఉండాలి

వచ్చినవాళ్ళు విండోస్‌లో ఉన్నారా, మ్యాక్‌లో ఉన్నారా అన్నది బ్రౌజర్ సైట్‌కి చెబుతుంది. పైథాన్ డౌన్‌లోడ్ పేజీ దాన్నిబట్టి సరైన ఫైల్ చూపిస్తుంది. ఇక్కడ ఇంకో మెట్టు కావాలి. వచ్చింది ఆండ్రాయిడ్ అని తెలిసినప్పుడు విండోస్ ఫైల్ అంటగట్టకుండా "ఇది కంప్యూటర్ కోసం, ఫోన్లో అయితే ఇక్కడ ట్రై చేయండి" అని ఒక్క లైన్ రాస్తే ఎంతమంది వెనక్కి పోకుండా ఆగుతారో!

4. డాక్యుమెంటేషన్‌లో దారి తప్పకూడదు

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి పాఠం కావాలి, ఆల్రెడీ తెలిసినవాళ్ళకి రిఫరెన్స్ కావాలి. రెండూ కలిపేస్తే ఇద్దరికీ ఇబ్బందే. రిఫరెన్స్ విషయంలో పీహెచ్‌పీ చేసిన పని నాకు బాగా ఇష్టం. సైట్ అడ్రస్ తర్వాత స్లాష్ పెట్టి ఫంక్షన్ పేరు కొడితే నేరుగా ఆ పేజీకే వెళ్తాం.

ఇక వెర్షన్. పైథాన్ 2కి సపోర్ట్ 2020 జనవరి 1తో ముగిసింది. అయినా పాత పాఠాలు ఇంకా నెట్‌లో తిరుగుతూనే ఉన్నాయి. అందులోని ప్రింట్ లైన్ బ్రాకెట్లు లేకుండా పైథాన్ 3లో వేస్తే ఎర్రర్ వస్తుంది. కొత్తవాళ్ళు తప్పు తమదే అనుకుంటారు. అందుకే ప్రతి పేజీ పైన ఏ వెర్షన్‌దో స్పష్టంగా ఉండాలి.

5. ఉదాహరణలు మనవీ ఉండాలి

ఒక చిన్న టెస్ట్ చెప్తాను. "తెలుగు" అనే పదం పొడవు ఎంత? మనం లెక్కపెడితే 3 అక్షరాలు. పైథాన్ 6 అంటుంది, ఎందుకంటే ఎత్వం, కొమ్ములు అది విడిగా లెక్కేస్తుంది. గోలో మామూలుగా పొడవు అడిగితే 18 అంటుంది, అది బైట్ల లెక్క. స్విఫ్ట్ మాత్రం మనలాగే 3 అంటుంది. ఏదీ తప్పు కాదు, ఒక్కోటి ఒక్కో కొలత. కానీ ఇంగ్లీష్ ఉదాహరణలే ఉన్న పేజీలో ఈ తేడా ఎప్పటికీ బయటపడదు. రేపు ఎవరైనా తెలుగు యాప్ చేసి, పేరుకి 10 అక్షరాలే అని లిమిట్ పెడితే సగం పేరు తెగిపోయాక గానీ తెలియదు.

చివరికి మావాడి సంగతేమైంది? వాడికి గో ప్లేగ్రౌండ్ తెరిచి ఇచ్చాను. మా చిన్నాయన రోజూ చేసే లెక్కనే తీసుకున్నాం: రాయి పొడవు, వెడల్పు, ఎన్ని రాళ్ళు, మొత్తం ఎన్ని చదరపు అడుగులు. మొదటిసారి రన్ కాలేదు. ఒక వేరియబుల్ పెట్టి వాడలేదని గో ఒప్పుకోలేదు. ఆ ఎర్రర్‌లో లైన్ నంబర్ కూడా ఉంది, వాడే చూసి సరిచేసుకున్నాడు. 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 150 రాళ్ళు. జవాబు 600.

షేర్ బటన్ నొక్కితే లింక్ వచ్చింది. దాన్ని చిన్నాయన వాట్సాప్‌కి పంపాడు. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, "లెక్క సరిగ్గానే ఉంది గానీ, మూలలు పగిలిన రాళ్ళు తీసెయ్యలేదేంరా?" అన్నాడు.

మావాడు మళ్ళీ ఫోన్ తీశాడు.